నీ పేరు నీ పాటలో ఉంది

అల్లిక రెక్కల పురుగా! నిన్ను పొగడాలంటే ముందు నువ్వెవరివో తేల్చుకోవాలి. అది తేల్చడానికి మనిషికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. నీ జ్ఞాతుల విషయంలో ఇప్పటికీ పడుతూనే ఉంది.

ఒళ్లంతా లేతాకు రంగు. తల వెనక మొదలై పొట్ట చివరిదాకా నడివెన్ను మీద ఒక్కటే పసుపు చార. ఒంటిని దాటి వెనక్కి సాగిన నాలుగు రెక్కలు, పెంకుటింటి వాలు కప్పులా రెండు పక్కలకీ దించుకుని కూర్చుంటావు. వాటి గుండా కింది ఆకు ఈనెలు కూడా కనబడతాయి, అంత పలచన. ఆ పలచనలో మళ్లీ నీ ఈనెలు: పొడుగువి, అడ్డంవి, రెక్క చివర మెట్లు మెట్లుగా రెండు వరుసల్లో దిగేవి. ఏ ఈనె ఏ ఈనెను ఎక్కడ కలుస్తుందో చూసి పండితులు నీ వంశవృక్షం గీస్తారు. ఇక కళ్లు! ఒళ్లంతా ఆకు దగ్గర అప్పు తెచ్చుకుని కళ్లు మాత్రం సొంతంగా చేయించుకున్నావు. బతికున్నంతసేపూ ఆ కళ్లలో బంగారం కదులుతుంది. ప్రాణం పోయిన కాసేపటికి ఆ మెరుపూ పోతుంది.

పేనుబంక పట్టిన కొమ్మ చుట్టూ నువ్వు తిరుగుతావని పత్తి రైతుకు తెలుసు. మిత్రపురుగుల పటాల్లో అక్షింతల పురుగు పక్కన నీ బొమ్మ వేస్తారు. కింద క్రైసోపర్లా అని రాస్తారు, పాతవాటిలో అయితే క్రైసోపా అని. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఆ రెండు పేర్ల మధ్య దూరం చిన్నదేమీ కాదు.

నీ కుటుంబం పెద్దది. క్రైసోపిడే అనే ఆ ఇంట్లో 80 దాకా ప్రజాతులు, 1,300కు పైగా జాతులు. ఎక్కువమంది పచ్చనివాళ్లే, అందరివీ అల్లిక రెక్కలే. 1758లో లినేయస్ మీవాళ్లను హెమరోబియస్ అనే ఒకే గంపలో వేశాడు. 1815లో ఇంగ్లండులో లీచ్ క్రైసోపా అనే ప్రజాతిని నిలబెట్టి మిమ్మల్ని విడదీశాడు. మంచి పనే. కానీ ఆ తర్వాత నూరేళ్లకు పైగా, పచ్చగా కనబడిన దాదాపు ప్రతి అల్లిక రెక్కల పురుగూ వచ్చి ఆ క్రైసోపాలోనే పడింది. 1851లో ష్నైడర్ ఆ ప్రజాతి మీద లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. స్పెయిన్‌లో లాంగినోస్ నవాస్ అనే జెసూట్ మతగురువు లోకం నలుమూలల నుంచీ వచ్చిన పురుగులకు కొత్త పేర్లు పెడుతూ పోయాడు. వాటిలో ఎన్నింటినో తర్వాతివాళ్లు పాత పేర్ల కిందికే తిరిగి సర్దాల్సి వచ్చింది. అయినా ఆయన మీద నాకు గౌరవమే. ఒక్కొక్కదాన్ని దగ్గరగా చూసి, ఇది వేరేమో అని ఆగినవాడు ఆయన. నీ విషయంలో అలా ఆగడమే సరైన పని అని తర్వాతి కాలం రుజువు చేసింది.

1964లో హంగేరీకి చెందిన స్టెయిన్‌మాన్ క్రైసోపా లోపల క్రైసోపర్లా అనే ఉపప్రజాతిని గీత గీసి చూపాడు. 1977లో ఫ్రాన్స్‌కు చెందిన సెమెరియా దాన్ని పూర్తి ప్రజాతి స్థాయికి తెచ్చాడు. 1990లో లండన్‌లో బ్రూక్స్, బార్నార్డ్ ఇద్దరూ ప్రపంచంలోని పచ్చ అల్లిక రెక్కల ప్రజాతులన్నింటినీ ఒక్కచోట పరిచి సమీక్షించారు. 1994లో బ్రూక్స్ ఒక్క క్రైసోపర్లానే తీసుకుని మళ్లీ పరీక్షించాడు. అప్పటికి నీ ఇంటిపేరు స్థిరపడింది.

ఆ ఇంటిపేరుకు గుర్తు ఎక్కడ దాచావు? ఇంత రెక్క పెట్టుకుని, ఇంత కన్ను పెట్టుకుని, అసలు గుర్తును మగపురుగు పొట్ట కొనలో దాచావు. ఆ కొనను వేరుచేసి, పొటాష్ ద్రావణంలో ఉంచి, మెత్తని కండంతా కరిగిపోయాక మిగిలిన గట్టి ముక్కలను గ్లిజరిన్ చుక్కలో తిప్పి తిప్పి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. గొనాప్సిస్ అనే చిన్న ఫలకం క్రైసోపాకు ఉంటుంది, నీకు ఉండదు. టిగ్నమ్ అనే వంపు తిరిగిన సన్నని కమ్మీ నీకు ఉంటుంది, క్రైసోపాకు ఉండదు. కంటికి ఒకేలా కనబడే ఇద్దరిని ఒక లేమి, ఒక కలిమి విడదీస్తాయి. ముందు రెక్క నడిమిలో ఉండే అండాకారపు చిన్న గదిని కూడా చూస్తారు. అది నీలో బాగా ఇరుకు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది: పొట్ట కొనలో కనిపెట్టిన ఆ తేడా నీ అన్నం దగ్గర కూడా తేడాగా నిలిచింది. క్రైసోపా పెద్దయ్యాక కూడా పేనుబంకను చంపి తింటుంది. నువ్వు పెరిగి రెక్కలు వచ్చిన రోజునుంచి వేట మానేస్తావు. పుప్పొడి, పూతేనె, పేనుబంక విసర్జించే తీపి జిగురు, ఇవే నీ ఆహారం. నీ అన్నసంచిలో ఈస్టు కణాలు కాపురముంటాయి. ఆ సంచి చుట్టూ లావుపాటి గాలిగొట్టాలు అల్లుకుని ఉంటాయి. పసితనంలో పులివి, పెద్దరికంలో తేనె తాగే తపస్వివి. వర్గీకరణ అంటే గాజు పెట్టెల్లో పేర్ల చీటీలు గుచ్చడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. ఫలకం ఉందా లేదా అని తరచి చూసినవాడు, ఆ పురుగు రాత్రి ఏం తింటుందో చెప్పగలిగే దారిలో ఉన్నాడు.

నీ గుడ్డును కీర్తించకుండా ముందుకు పోలేను. పొట్ట కొనతో ఆకును తాకి ఒక జిగురు చుక్క పెడతావు. పొట్టను పైకెత్తుతావు. చుక్క దారమై సాగి గాలి తగిలి గట్టిపడుతుంది. ఆ దారం కొన మీద ఒక లేత పచ్చ గుడ్డును నిలబెడతావు. చీమ ఆ కాడ ఎక్కడానికి తడబడుతుంది. ముందు పుట్టిన తోబుట్టువు ఆకలితో తిరుగుతున్నా వెనక పుట్టబోయేదాన్ని తేలిగ్గా అందుకోలేదు. నీ ప్రజాతి గుడ్లను ఎక్కువగా విడివిడిగా పెడుతుంది. నీ బంధువుల్లో కొందరు గుత్తులుగా పెడతారు. పొదిగే వేళకు ఆ పచ్చ బూడిద రంగుకు తిరుగుతుంది. కొరియాలో బుద్ధ విగ్రహాల మీద ఇలాంటి గుడ్లు కనబడితే, యుగానికొకసారి పూసే ఉదుంబర పుష్పం పూసిందని భక్తులు మొక్కారు. ఉదుంబరమంటే మన మేడి. పువ్వు పొరబాటే కావచ్చు గాని మొక్కు పొరబాటు అనను.

ఆ గుడ్డు లోంచి వచ్చినవాడిని 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన రియోమ్యూర్ పేనుబంకల పాలిటి సింహం అన్నాడు. కండె ఆకారపు ఒళ్లు, ముందుకు చాచిన రెండు కొడవళ్లు. ఒక్కో కొడవలి రెండు ముక్కల జోడింపు, మధ్యలో సన్నని గొట్టం. పేనుబంకను ఎత్తి పట్టి జీర్ణరసం లోపలికి ఎక్కించి, కరిగిన సారమంతా పీల్చి, డొల్ల పారేస్తాడు. పేనుబంకే కాదు, తెల్లదోమ పిల్లలు, పచ్చదోమ పిల్లలు, పిండినల్లి, తామర పురుగులు, ఎర్రనల్లి, శనగపచ్చ పురుగు గుడ్లు, దొరికితే సొంత తోబుట్టువులు కూడా. పేగు లోపల దారి మూసి ఉంటుంది కాబట్టి పిల్లగా ఉన్నన్నాళ్లూ మలం బయటికి రాదు. మూడు దశలు పెరిగాక అదే వెనక కొన నుంచి పట్టు తీసి తెల్లని గుండ్రని గూడు అల్లుకుంటాడు. పట్టుపురుగు నోటితో చేసేదాన్ని వీడు తోకతో చేస్తాడు.

పిల్లదశలో కూడా ఇంటిపేరు పట్టుకోవచ్చు. మన తోటల్లో తిరిగే అపెర్టోక్రైసా వంటి బంధువుల పిల్లలు తిన్న పేనుబంకల డొల్లలు, నూగు, మైనపు పోగులు వీపు మీద మోస్తూ చెత్తకుప్పలా నడుస్తాయి. స్పెయిన్‌లో దొరికిన దాదాపు 11 కోట్ల సంవత్సరాల నాటి చెట్టుబంక శిలాజంలో కూడా అలా చెత్త మోస్తున్న పిల్లపురుగు ఒకటి చిక్కుకుని ఉంది. ఆ అలవాటు అంత పాతది. క్రైసోపర్లా పిల్లకు ఏ మూటా లేదు. వట్టి వీపుతో, పట్టపగలు, ఉన్నవాడు ఉన్నట్టు నడుస్తాడు.

ఇంటిపేరు తెలిసింది. ఇక అసలు పేరు. ఇక్కడే నువ్వు పండితులను ఏళ్ల తరబడి తిప్పావు.

1836లో ఇంగ్లండులో స్టీఫెన్స్ నీ జ్ఞాతి ఒకదానికి కార్నియా అని పేరు పెట్టాడు. చలిదేశాల్లో శీతకాలం వచ్చేసరికి మీవాళ్లలో కొందరు పచ్చదనం విడిచి ఎర్రని గోధుమ రంగుకు తిరిగి, ఎండుటాకుల్లోనో ఇంటి అటకల మీదో తలదాచుకుంటారు. వసంతంలో మళ్లీ పచ్చబడతారు. పేరు ఆ చలికాలపు రంగును బట్టి వచ్చింది. ఒకే పురుగు రుతువును బట్టి రెండు రంగుల్లో ఉంటే రంగును నమ్మి జాతిని చెప్పడం ఎలా? అందుకని యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికాల్లో ఈ పోలికతో కనబడినవన్నీ కాలక్రమేణా కార్నియా అనే ఒక్క పేరు కిందికి వచ్చాయి. ప్రయోగశాలల్లో పెంచినది కార్నియా, గ్రీన్‌హౌసుల కోసం అమ్మినది కార్నియా, వందల పరిశోధన పత్రాల్లో రాసినది కార్నియా. మన దేశంలోనూ అంతే.

చూసేవాళ్లు బాగానే చూశారు. చెంప మీద కంటి నుంచి నోటిదాకా దిగే చార ఎరుపా, గోధుమా, నలుపా. కాలిగోరు అడుగున వెడల్పు ఎంత. పొట్ట చివర వెంట్రుకలు లేతవా, ముదురువా. మగపురుగు పొట్ట కొన పెదవి ఆకారం ఎలా ఉంది. అన్నీ పనికొచ్చే గుర్తులే. ఏ ఒక్కటీ పూర్తిగా నమ్మదగింది కాదు, ఒకే గుంపులో కూడా అవి అటూ ఇటూ జరుగుతాయి. పైగా స్పిరిటులో వేస్తే నీ పచ్చ పసుపవుతుంది, చెంప ఎరుపు వెలిసిపోతుంది. సీసాలో ఉన్నది నీ ఒళ్లే గాని నీ ఆనవాలు సగం కరిగిపోయి ఉంటుంది.

అప్పుడు అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హెన్రీ నిన్ను చూడడం కాస్త ఆపి వినడం మొదలుపెట్టాడు. 1970ల చివరి నుంచి దశాబ్దాల పాటు విన్నాడు.

నువ్వు పాడతావు! గొంతుతో పాడవు, రెక్కలు రుద్ది పాడవు. ఆకు మీద ఆరు కాళ్లూ ఆనించి నిలబడి పొట్టను పైకీ కిందికీ అదురుస్తావు. పొట్ట ఆకును తాకదు. ఆ ఊపు కాళ్ల గుండా ఆకులోకి దిగుతుంది, ఆకు వణుకుతుంది, కాడ వణుకుతుంది, ఆ వణుకు పక్క ఆకు మీద నిలబడ్డ జతకు కాళ్ల ద్వారా అందుతుంది. గాలిలో చప్పుడు ఉండదు. పక్కనే నిలబడిన మనిషికి ఏమీ తెలియదు. మగదీ పాడుతుంది, ఆడదీ పాడుతుంది, ఇద్దరిదీ ఒకే పాట. ఒకరు ఒక చరణం పంపితే రెండోవారు అదే చరణం తిరిగి పంపాలి. వేగం సరిపోవాలి, నిడివి సరిపోవాలి, మధ్య విరామం సరిపోవాలి. లయ తప్పితే పెళ్లి లేదు. కుదిరితే ఆ ఇద్దరూ వంతులవారీగా చాలాసేపు పాడుకుని అప్పుడు దగ్గరవుతారు.

ఆ వణుకును పలచని ప్లాస్టిక్ పొర మీద పట్టి, గీతలుగా మార్చి, ఒక ప్రాంతపు పాట పక్కన ఇంకో ప్రాంతపు పాట పెట్టి చూశారు. వేడిని బట్టి లయ మారుతుంది కనుక పాటలన్నిటినీ 25 డిగ్రీల దగ్గరికి సరిచేసి పోల్చారు. కార్నియా అనుకున్న ఒక్క పేరు కింద వేర్వేరు పాటలు బయటపడ్డాయి. రికార్డు చేసిన పాటను వినిపిస్తే ప్రతి పురుగూ తన పాటకే బదులు పలికింది, పరాయి పాటకు పలకలేదు. పొలాల్లో లేతపచ్చగా ఉండే ప్లొరబుండా, శంఖాకార వృక్షాల మీద ముదురుపచ్చగా ఉండే డౌనెసీ అమెరికాలో పక్కపక్కనే బతుకుతాయి. ప్రయోగశాలలో బలవంతంగా కలిపితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు పుడతాయి. అడవిలో మాత్రం వాటి మధ్య ఏ కొండా లేదు, ఏ నదీ లేదు, ముఖ్యంగా పాటే అడ్డు నిలుస్తుంది. నీ జాతికి సరిహద్దు నీ పాటే గీసింది. నా దృష్టిలో జాతి అనే మాటకు ఇంతకన్నా గొప్ప సాక్ష్యం కీటకలోకంలో అరుదు.

ఇలా ఇరవైకి పైగా జాతులు ఒక్క పోలిక వెనక నుంచి బయటికి వచ్చాయి. 2002లో హెన్రీ, బ్రూక్స్, డ్యూలీ, జాన్సన్ కలిసి యూరప్‌లో అసలు కార్నియా ఏదో పాటను బట్టి తేల్చామన్నారు. దాని పాట మోటారు పడవ నడిచినట్టు ఉంటుందని ఆ పేరే పెట్టి పిలిచారు. దానికన్నా నెమ్మదిగా పాడే పడవకు పాలిడా అని కొత్త పేరు ఇచ్చారు. ఫ్రాన్స్‌లోని కొందరు పండితులు ఒప్పుకోలేదు, ఏ పేరు ఏ పాటకు చెందుతుందన్న వాదం నడిచింది. వాదం ఉండడమే మంచిది. పేరు మీద వాదించుకునేవాళ్లు ఉన్నంతకాలం నిన్ను పట్టించుకునేవాళ్లు ఉన్నట్టే.

నీకు వినికిడి ఇంకొకటి కూడా ఉంది. రెక్క మొదట్లో ఒక ఈనె ఉబ్బి చిన్న చెవిలా పనిచేస్తుంది. గబ్బిలం వేటకు వస్తూ మనకు వినబడనంత సన్నగా అరిచే అరుపును అది పట్టుకుంటుంది. అరుపు అందిందా, ఎగురుతున్నదానివి రెక్కలు ముడిచి రాయిలా నేలకు పడిపోతావు. చావు సంగతి రెక్కతో వింటావు, ప్రేమ సంగతి కాలితో వింటావు.

ఇక మన చేలోని నువ్వు. దశాబ్దాల పాటు మన పుస్తకాలు నిన్ను కార్నియా అనే రాశాయి. 2010లో హెన్రీ, బ్రూక్స్, జాన్సన్, డ్యూలీలతో పాటు బెంగళూరు నుంచి వెంకటేశన్ కలిసి నీ పాట విన్నారు. అది యూరప్ పడవపాట కాదు. దక్షిణాఫ్రికాలో పాడే జాస్ట్రోవి పాట! 1928లో డెన్మార్క్‌కు చెందిన ఎస్బెన్ పెటర్సన్ వర్ణించినది జాస్ట్రోవి. ఆయనే 1935లో ఆసియా నుంచి సిల్లెమి అనే దాన్ని వర్ణించాడు. రెండూ ఒకే పాట పాడుతున్నాయి కాబట్టి ఒకే జాతి, రెండు ఉపజాతులు అని నిర్ణయించారు. అలా మన పత్తిచేలో, పొద్దుతిరుగుడు చేలో తిరిగే నీకు నీ అసలు పేరు దక్కింది: క్రైసోపర్లా జాస్ట్రోవి సిల్లెమి. ఆఫ్రికా నుంచి పశ్చిమాసియా మీదుగా మనదాకా సాగిన ఒక పాటకు నువ్వు తూర్పు కొసవి.

పేరు మారితే పేనుబంకకు ఏం తేడా అని అడిగేవాళ్లు ఉంటారు. తేడా ఉంది. ఒక దేశంలో పెంచిన పురుగును ఇంకో దేశపు చేలో వదిలితే, అది అక్కడి పాట పాడకపోతే అక్కడ జత దొరకదు. దొరికి కలిసిపోతే అక్కడి జాతి తన ముద్ర పోగొట్టుకుంటుంది. జపాన్‌లో యూరప్ కార్నియాను తెచ్చి అమ్మినప్పుడు స్థానిక నిప్పోనెన్సిస్‌తో అది కలుస్తుందేమోనని శాస్త్రజ్ఞులు కలవరపడింది ఇందుకే. పాత పత్రాల్లో కార్నియా గురించి రాసిన ప్రతి అంకె ఏ పురుగుదో ఇప్పుడు మళ్లీ అడగాల్సి వస్తోంది. మన వేడిని తట్టుకునేది, మన పంటల మీద బతకనేర్చినది సిల్లెమి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పెంచేదీ దాన్నే. బియ్యపు చిలక పురుగు గుడ్లు మేపి, ఒకరినొకరు తినకుండా ఒక్కో పిల్లకు ఒక్కో గది కట్టి పెంచుతారు. కొన్ని పురుగుమందులను ఓర్చుకునే తెగను కూడా అక్కడ తీర్చిదిద్దారు. పరాయి పేరుతో పిలిపించుకుంటూ కూడా మన పంటను కాచావు. ఆ రుణం తీర్చడం సరైన పేరుతో పిలవడం దగ్గరే మొదలు కావాలని నా నమ్మకం.

వ్యవసాయ కళాశాలల్లో చదువుతున్న పిల్లలారా, ఈ పురుగు దొరికితే స్పిరిటులో వేసేముందు బతికుండగానే ముఖం ఫొటో తీయండి. చెంప చార రంగు, వెన్ను చార, ఏ మొక్క మీద దొరికింది, ఏ తేదీన దొరికింది, నాలుగూ రాయండి. పత్తి, మిరప వేసినవాళ్లకు ఇంకొక్క మాట. పేనుబంక కనబడగానే మందు కలపకండి. ముందు నాలుగు మొక్కల దగ్గర ఆగి ఆకులు తిప్పి చూడండి. సన్నని దారం కొన మీద పచ్చని గుడ్లు నిలబడి ఉంటే, వీపున ఉన్న ట్యాంకు దించి, రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూసి అప్పుడు నిర్ణయం తీసుకోండి.